ఒరిజినలా, డూప్లికేటా? పాత బండ్ల పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే బెంగ. పాత మోడల్ పార్టుల్ని అచ్చం అలాగే ఇప్పుడు కొత్తగా చేసి అమ్ముతున్నారు కదా, అవి బిగిస్తే బండి ఒరిజినల్ అనిపించుకుంటుందా అని. రూపం ఒరిజినల్‌ది, లోపలి సరుకు మాత్రం ఇవాళ్టిది. ఎక్కడ రూపం ముఖ్యమో ఎక్కడ సరుకు ముఖ్యమో ఒక్కో పార్టుకు విడిగా చూడాల్సిందే. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దీనికే కేటాయించాం.

మా తాతగారి కాలం నాటి జీపు ఇంట్లో ఉంది. యుద్ధకాలపు ఫోర్డ్ జీపు అని చెప్పేవారు. ఫోర్డ్ అయితే బోల్టుల తలల మీద 'ఎఫ్' అక్షరం ఉండాలంటున్నారు. నా బండిలో కొన్నింటికే ఉంది. విదేశాల్లో ఎఫ్ గుర్తు బోల్టులు సెట్టుగా అమ్ముతున్నారు. తెప్పించి అన్నీ మార్చేయమంటారా? (గుంటూరు నుంచి ఒక పాఠకుడు)

వద్దండీ. బోల్టుల సంగతి తర్వాత, ముందు మీ ఛాసిస్ ఏ కంపెనీదో తేల్చుకోండి.

రెండో ప్రపంచ యుద్ధంలో ఒకే డిజైన్ జీపును రెండు కంపెనీలు చేశాయి. విల్లీస్ చేసింది ఎంబీ, ఫోర్డ్ చేసింది జీపీడబ్ల్యూ. రెండూ కలిపి ఆరు లక్షలకు పైమాటే. ఏ పార్టయినా రెండింటికీ సరిపోవాలన్నది సైన్యం పెట్టిన షరతు. యుద్ధం అయ్యాక మన దేశంలో మిగిలిపోయిన బండ్లకు, 1947 నుంచి మహీంద్రా వాళ్లు బొంబాయిలో బిగించిన సివిలియన్ జీపుల సామాన్లు కూడా వచ్చి కలిశాయి. అందువల్ల మన దగ్గర 'మిలటరీ జీపు' పేరుతో కనిపించేది చాలాసార్లు రెండు మూడు బండ్లు కలిస్తే తయారైన బండి.

ముందు బంపరు వెనక వంగి, రేడియేటర్ కింద రెండు ఛాసిస్ పట్టాల్ని కలిపే అడ్డ ముక్కను చూడండి. గుండ్రటి గొట్టమైతే అది విల్లీస్. బోర్లించిన 'యు' ఆకారంలో మడిచిన పలక అయితే ఫోర్డ్. బోల్టు మార్చినంత తేలిగ్గా దీన్ని ఎవరూ మార్చలేరు కాబట్టి, వంద ఎఫ్ బోల్టుల కన్నా ఈ ఒక్క సాక్ష్యం గట్టిది. తర్వాత నంబరు వెతకండి. ఫోర్డ్ దాన్ని ఎడమ పట్టా పై అంచు మీద, ఇంజను మౌంటు దగ్గర గుద్దేది. విల్లీస్ ఒక చిన్న పలక మీద నంబరు వేసి ఎడమ పట్టా లోపలి వైపు, బంపరు వెనక రివెట్ చేసేది. డెబ్బై ఎనభై ఏళ్ల రంగు పొరల కింద ఉంటుంది కనుక పెయింట్ రిమూవర్ పూసి, మెత్తబడ్డాక ఇత్తడి బ్రష్‌తో నెమ్మదిగా తోమండి. గ్రైండర్ చక్రం మాత్రం దగ్గరికి రానివ్వకండి. అంకెల లోతు తక్కువ, ఒక్క విసురుకే బండి చిరునామా చెరిగిపోతుంది.

బాడీ ఎవరిదో కూడా చూడాలి. యుద్ధకాలపు నొక్కుడు రేకు గ్రిల్లుకు తొమ్మిది చీలికలు, సివిలియన్ జీపుకు ఏడు. మిలటరీ బండికి వెనక తెరుచుకునే తలుపు ఉండదు, పెట్రోలు మూత డ్రైవరు సీటు కింద ఉంటుంది. మీ బండికి మూత ఎడమ పక్కన బయటికి కనిపిస్తుంటే ఆ బాడీ తర్వాత వచ్చి కూర్చున్నదే. వెనక యాక్సిల్ కూడా లెక్క చెబుతుంది. రెండు వెనక చక్రాలూ జాకీ మీద లేపి, న్యూట్రల్‌లో పెట్టి, ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద సుద్దగీత గీయండి. ఇద్దరు మనుషులు చెరో చక్రాన్ని ఒకే దిశలో సరిగ్గా ఒక చుట్టు తిప్పాలి. షాఫ్ట్ ఐదుకు కాస్త తక్కువగా తిరిగితే నిష్పత్తి 4.88, అది యుద్ధకాలపుది. ఐదుంపావు దాటితే 5.38, అది సివిలియన్‌ది. ఒక్క చక్రమే తిప్పి రెండోది కదలకుండా పట్టుకుంటే లెక్క సగమే వస్తుంది. చాలామంది పొరబడేది ఇక్కడే.

ఇప్పుడు బోల్టుల దగ్గరికి వద్దాం. ఫోర్డ్ తన కర్మాగారాల కోసం చేయించుకున్న బోల్టులకు, బ్రాకెట్లకు, ఇంకా చాలా ముక్కలకు ఎఫ్ కొట్టింది నిజమే. కానీ కార్బురేటర్, డైనమో వంటివి బయటి కంపెనీల నుంచి వచ్చేవి, వాటి మీదా వాటి బోల్టుల మీదా ఎఫ్ ఉండాలని లేదు. పైగా యుద్ధం నడుస్తుండగానే మిలటరీ డిపోల్లో చేతికందిన పార్టు వేసి బండిని పంపేసేవారు. తల నుంచి తోక దాకా ప్రతి బోల్టూ ఎఫ్ ఉన్న జీపు ఏ ఫ్యాక్టరీ గేటూ దాటలేదు. మీరు సెట్టు మొత్తం బిగిస్తే, ఉన్న నిజమైన ఎఫ్ బోల్టులు కూడా కొత్తవాటిలో కలిసి నమ్మకం పోగొట్టుకుంటాయి.

కాబట్టి ఉన్నవాటిని కాపాడుకోండి. ఒక్కో బోల్టు ఊడదీసే ముందు ఫొటో తీసి, దాని చోటు రాసిన చీటీతో జిప్ కవర్లో వేయండి. తుప్పు పోవడానికి ఐదు లీటర్ల నీళ్లలో ఒక పెద్ద చెంచాడు వాషింగ్ సోడా కలిపి, బ్యాటరీ ఛార్జరు మైనస్ వైరు బోల్టుకు, ప్లస్ వైరు ఏదైనా పాత ఇనప ముక్కకు తగిలించి, రెండూ ఒకదానికొకటి తగలకుండా ఆ నీళ్లలో రాత్రంతా ఉంచండి. వైర్లు తారుమారైతే కరిగిపోయేది మీ బోల్టే. ప్లస్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టొద్దు, నీళ్లలో విషపూరితమైన క్రోమియం దిగుతుంది. ఈ పని జరుగుతున్నంతసేపూ నీళ్లలోంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది గనుక గదిలో కాకుండా ఆరుబయట చేయండి.

తప్పిపోయిన చోట్లకు కొత్త ఎఫ్ బోల్టు కొనుక్కోండి, తప్పేమీ లేదు. కానీ స్టీరింగు, స్ప్రింగు షాకిల్, బ్రేకుల దగ్గర బలం రేటింగు తెలియని బోల్టు వాడకండి. తల మీద అక్షరం అందంగానే ఉంటుంది, లోపలి ఉక్కు సంగతి అమ్మినవాడికీ తెలియకపోవచ్చు. ఆ చోట్ల గ్రేడు ఉన్న మామూలు బోల్టే వేసి, కనబడే బ్రాకెట్ల దగ్గర ఎఫ్ వేసుకోండి. కొత్తగా వేసిన ప్రతిదాని అడుగున సన్నటి పంచ్‌తో ఒక చుక్క పెట్టి నోటు పుస్తకంలో రాసుకోండి. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫివా 2012లో ఆమోదించిన టురిన్ చార్టర్ కూడా మార్చిన భాగాలకు కంటికి అడ్డం రాని, చెరగని గుర్తు ఉండాలనే అంటుంది.

బాడీ రేకు పూర్తిగా తినేసి ఉంటే ఫిలిప్పీన్స్‌లో తయారయ్యే కొత్త టబ్‌లు (జీపు బాడీ డొప్పలు) దొరుకుతాయి. కొనే ముందు ఒక్క పని చేయండి. మీ పాత బాడీలో తుప్పు లేని చోట రంగు గీకి వెర్నియర్‌తో రేకు మందం కొలవండి, కొత్తదానిదీ కొలవండి. రేకు పల్చనైతే ఛాసిస్ మెలితిరిగినప్పుడల్లా స్పాట్ వెల్డుల దగ్గర చీలుతుంది. నేల, సీట్ల కింది పెట్టెలు మాత్రమే పోయి ఉంటే మంచి టింకరింగ్ మేస్త్రీ చేత ముక్కలు అతికించుకోవడమే మా సలహా. ఖర్చు దాదాపు అంతే అయినా మిగిలేది మీ తాతగారి జీపు.

1929 ఫోర్డ్ మోడల్ ఎ కొన్నాను. అమెరికాలో దీని పార్టులు దాదాపు అన్నీ కొత్తవి దొరుకుతున్నాయి. అన్నీ కేటలాగు చూసే కొన్నా, క్లబ్ జడ్జింగులో రేడియేటర్ షెల్‌కు, స్క్రూలకు మార్కులు కోసేశారు. ఎందుకంటారు? (డాలస్ నుంచి ఒక పాఠకుడు)

మీ షెల్ మీదున్నది క్రోమ్ అయ్యుంటుంది. 1928, 1929 మోడల్ ఎ కార్లకు రేడియేటర్ షెల్, హెడ్‌లైటు డొప్పలు నికెల్ పూతతో వచ్చాయి. 1930, 1931లో స్టెయిన్‌లెస్ స్టీలు వచ్చింది. క్రోమ్ పూత మీ కారుకు ఏ ఏడాది లెక్కనా సరిపోదు. పాతది పక్కన పెట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది. నికెల్ మెరుపులో వెన్న కాచినప్పటి లేత పసుపు ఛాయ ఉంటుంది, క్రోమ్‌ది నీలం తిరిగిన చల్లని మెరుపు. క్రోమ్ షెల్‌ను మళ్లీ నికెల్ చేయించవచ్చు. అయితే ప్లేటింగ్ షాపువాళ్లు క్రోమ్‌ను రసాయనంతో దింపాలే తప్ప బఫింగ్ చక్రంతో అరగదీయకూడదు, అంచుల పదును పోతుంది. అడుగున రాగి పూత, పైన నికెల్ వేయమనండి. నికెల్ నెలల్లోనే మసకబారుతుంది, అది లోపం అనుకోకండి. మెత్తటి గుడ్డ, మెటల్ పాలిష్ దగ్గర పెట్టుకోవాల్సిందే.

స్క్రూల సంగతి ఇంకా తేలిక. తల మీద ప్లస్ గుర్తున్న ఫిలిప్స్ స్క్రూ కార్ల తయారీలోకి 1930ల రెండో సగంలో గానీ రాలేదు. 1929 కారు మీద అది కనబడితే జడ్జి రెండోసారి చూడక్కర్లేదు. ఒంటి గీత స్క్రూలు వేయండి. తళతళలాడే జింకు పూత బోల్టులు కూడా పరాయివే. మీ మోడల్‌కు రెండు జాతీయ క్లబ్బులు కలిసి చేసిన జడ్జింగు ప్రమాణాల్లో ఏ బోల్టుకు ఏ పూతో కూడా ఉంటుంది. కేటలాగు రాసేది అమ్మడానికి, ప్రమాణాలు రాసింది సరిచూడటానికి. రెండోదాన్ని ముందు చదివి మొదటిదానిలో కొనండి.

టైర్లు కూడా ఓసారి చూసుకోండి. 1928-29కి 21 అంగుళాల చక్రం, 1930-31కి 19. పాత యజమానులు సులువుగా దొరుకుతాయని 19 వేసేయడం మామూలే.

ఒకచోట మాత్రం ఒరిజినల్ పదార్థం కోసం పట్టుబట్టకండి. మోడల్ ఎ పెట్రోలు ట్యాంకు డాష్‌బోర్డు వెనకే, మీ మోకాళ్లకు ఎదురుగా ఉంటుంది. దాని గేజిలో తేలేది లక్క పూసిన బెండు ముక్క. అమెరికా పంపుల్లో దొరికే పెట్రోలులో ఇథనాల్ ఉంటుంది, లక్క ఆల్కహాల్లో కరుగుతుంది. కరిగిన లక్క జిగురై కార్బురేటర్ జెట్లలో చేరుతుంది, బెండు పెట్రోలు పీల్చి మునిగి గేజి ఎప్పుడూ ఖాళీ చూపిస్తుంది. ఇథనాల్‌ను తట్టుకునే ఫ్లోటు వేయించి, గేజి వాషర్లు కూడా కొత్తవి వేయండి. ట్యాంకు లోపలున్నది ఏ జడ్జికీ కనబడదు, కారితే మాత్రం మీ ఒళ్లోకే.

మాది 1960ల అంబాసిడర్. కొత్త రోటర్, కండెన్సర్, పాయింట్లు వేయించాను. ముప్పై నలభై కిలోమీటర్లు బాగానే పోయి ఇంజను ఆగిపోతుంది. అరగంట చల్లారాక మళ్లీ స్టార్టవుతుంది. మెకానిక్ పెట్రోలు పంపు మార్చమంటున్నాడు. (రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకుడు)

పంపు మార్చే ముందు పాత రోటర్, పాత కండెన్సర్ పారేయలేదు కదా? ఉంటే వాటినే వేసి ఒకసారి తిప్పండి. కొత్తవి బిగించాకే జబ్బు మొదలైతే అనుమానించాల్సింది కొత్తవాటినే.

డిస్ట్రిబ్యూటర్ అంటే స్పార్కు కరెంటును ఒక్కో ప్లగ్గుకు పంచే భాగం, దాని లోపల తిరిగేది రోటర్. లూకాస్ డిజైన్ డిస్ట్రిబ్యూటర్లకు ఇప్పుడు దొరికే నాసిరకం రోటర్లలో తెలిసిన లోపం ఇది. పైనున్న ఇత్తడి రేకును పట్టుకునే రివెట్ మరీ లోతుకు దిగుతుంది. రివెట్ కొనకూ, కింద షాఫ్టుకూ మధ్య మిగిలే ప్లాస్టిక్ పొర పల్చనైపోతుంది. దానికితోడు ఆ నల్ల ప్లాస్టిక్‌లో రంగు కోసం కార్బన్ ఎక్కువ కలిపితే, వేడెక్కినప్పుడు కరెంటు ప్లగ్గులకు వెళ్లకుండా అడ్డదారిన షాఫ్టులోకి దిగిపోతుంది. చల్లారాక మళ్లీ మామూలే. అందుకే ఇది పెట్రోలు జబ్బులా కనబడి పంపు మీదికి నింద పోతుంది.

బండి ఆగిన చోటే పరీక్ష చేయొచ్చు. చుట్టుపక్కల పెట్రోలు కారడం లేదని చూసుకోండి. కాయిలు నుంచి వచ్చే మధ్య వైరును రబ్బరు పిడి ప్లయరుతో పట్టుకుని కొనను ఇంజను బ్లాకుకు ఆరు మిల్లీమీటర్ల దూరంలో పెట్టి, ఇంకొకరిని సెల్ఫు కొట్టమనండి. స్పార్కు గట్టిగా నీలంగా వస్తే కాయిలు, కండెన్సర్ బాగున్నట్టే. ఎర్రగా సన్నగా వస్తే ముందు కండెన్సర్ మార్చండి. గట్టిగా వచ్చినా బండి కదలకపోతే క్యాప్ తీసి, అదే వైరు కొనను రోటర్ ఇత్తడి రేకు మధ్యకు మూడు మిల్లీమీటర్ల ఎత్తున పెట్టి మళ్లీ సెల్ఫు కొట్టించండి. రోటర్ మంచిదైతే స్పార్కుకు పోయే దారి లేదు, దూకదు. టకటకమని వరుసగా దూకుతుంటే రోటర్ లోపల చిల్లి పడిందన్నమాట.

రివెట్ లేకుండా చేసిన రోటర్లు దొరుకుతాయి, వాటిని వాడండి. క్యాప్ మూసేస్తే తేడా ఎవరికీ కనబడదు. పాయింట్ల గ్యాపు ఫీలర్ గేజితో 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు పెట్టండి. కొత్త పాయింట్ల ఫైబరు మడమ తొలిరోజుల్లో త్వరగా అరిగి గ్యాపు మూసుకుపోతుంది. అందుకని క్యామ్ మీద అగ్గిపుల్ల తలంత గ్రీజు రాసి, మూడు నాలుగు వందల కిలోమీటర్లకు మళ్లీ కొలవండి.

ఇంకో మాట. ఇప్పుడు మన పంపుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది. ఎప్పుడో పాత స్టాకులో మిగిలిన పంపు డయాఫ్రం 'అసలు కంపెనీది' అని దొరికినా వేయకండి. ఆ కాలపు రబ్బరు దీనికి తట్టుకోదు. ఇక్కడ కొత్త పదార్థంతో చేసిందే మంచిది.

ప్రీమియర్ పద్మినికి నాలుగు డోర్ల బీడింగు కొత్తది వేశాక డోర్లు పడటం లేదు. గట్టిగా వేస్తే తప్ప లాక్ కావడం లేదు. రబ్బరు సర్దుకుంటుందిలే అంటున్నారు. (వరంగల్ నుంచి ఒక పాఠకురాలు)

అమ్మా, రబ్బరు సర్దుకునేలోపు డోరు కీళ్లు సాగిపోతాయి. గట్టిగా వేయడం ఆపేయండి. పాతది మెత్తటి బోలు రబ్బరు. ఇప్పటి నకళ్లలో చాలావాటి కొలత సరిగ్గానే ఉన్నా గట్టిదనం ఎక్కువ, నొక్కితే అణగవు. బీడింగు పూర్తిగా తీసేసి ముందు ఉత్త డోరు వేసి చూడండి. అప్పుడు కూడా బిగుతుగా ఉంటే లోపం కీళ్లలోనో లాకు పలకలోనో ఉంది. సాఫీగా పడితే డోరు ఫ్రేము చుట్టూ జానెడుకొకటి చొప్పున పిల్లలు ఆడుకునే క్లే ఉండలు అంటించి, పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం వేసి డోరు మూసి తీయండి. నలిగిన ఉండల మందమే డోరు మూసినప్పుడు రబ్బరుకు మిగిలే చోటు, రబ్బరు దానికన్నా కాస్త మందంగా ఉండి అందులోకి అణగాలి. సాధారణంగా కీళ్ల వైపు తక్కువ, లాకు వైపు ఎక్కువ వస్తుంది. ఆ కొలతలతో, వేలితో నొక్కితే సగానికి అణిగే ఈపీడీఎం (ఒక రకం కృత్రిమ రబ్బరు) స్పాంజి బీడింగు మీటర్ల లెక్కన కొనుక్కోండి. ఒక్క డోరుకు వేసి వారం చూశాకే జిగురు పూయండి. లాకు పలకను అరగదీసి పని కానిచ్చే వాళ్లుంటారు, ఒప్పుకోవద్దు. ఈపీడీఎం ఎండకు బాగా ఆగుతుంది కానీ నూనె, పెట్రోలు తగిలితే ఉబ్బుతుంది. కీళ్లకు ఆయిల్ వేసేటప్పుడు దాని మీద పడనీయకండి.

1968 అంబాసిడర్‌ను వింటేజ్ కింద రిజిస్టర్ చేయించాలనుకుంటున్నాం. ఇంజను మాత్రం తర్వాతి కాలపు ఇసుజుది. బీడింగు, వైరింగు, సీటు గుడ్డలు అన్నీ కొత్తవే. కుదురుతుందా? (విశాఖపట్నం నుంచి)

2021లో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల సొంత వాహనాలను వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. షరతు ఏమిటంటే బండి అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ షెల్, ఇంజనులో మార్పుచేర్పులు జరిగి ఉండకూడదు. మీ బీడింగు, వైరింగు ఈ లెక్కలోకి రావు. ఇసుజు ఇంజను కచ్చితంగా వస్తుంది. అంబాసిడర్‌లోకి అది వచ్చిందే 1990లలో. ముందు పాత 1489 సీసీ ఇంజను సంపాదించి బిగించి, ఆ మార్పును రవాణా శాఖ దగ్గర ఆర్సీలో ఎక్కించుకున్నాకే దరఖాస్తు ఆలోచించండి. ఆ ఇంజన్లు తుక్కు షెడ్లలో ఇంకా దొరుకుతున్నాయి. కొనేటప్పుడు బ్లాకు మీది నంబరు చెరగకుండా ఉందో లేదో, అమ్మేవాడి దగ్గర కాగితం ఉందో లేదో చూసుకోండి.

కొత్తగా నమోదయ్యే బండికి 'వీఏ' వరుస నంబరు ఇస్తారు. ఇప్పటికే రిజిస్టరైన బండికి పాత నంబరే ఉంచుకోవచ్చు. కొత్త నమోదు రుసుము 20,000 రూపాయలు, పదేళ్లకు చెల్లుతుంది. ఆ తర్వాత రెన్యువల్ 5,000. అయితే ప్రదర్శనలకు, వింటేజ్ ర్యాలీలకు, పెట్రోలుకు, రిపేరుకు తప్ప రోజూ రోడ్డెక్కించడానికి వీల్లేదు. మీరు ఆఫీసుకు వేసుకెళ్లే బండి అయితే ఈ దారి మీకు పనికిరాదు.

మిలటరీ జీపు డాష్‌బోర్డు మీది డేటా ప్లేట్లు పోయాయి. ఖాళీ ప్లేట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. నంబరు, డెలివరీ తేదీ గుద్దించుకోవచ్చా? (హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు)

గేరు పొజిషన్లు, స్పీడు హెచ్చరికలు ఉండే ప్లేట్లు నిశ్చింతగా వేసుకోండి. నంబరు ప్లేటు మీద మాత్రం ఛాసిస్‌పై మీ కళ్లతో చదివిన అంకెలే ఉండాలి. డెలివరీ తేదీకి మీ దగ్గర ఆధారం లేకపోతే ఆ గడి ఖాళీగా వదిలేయండి. ఊహించి కొట్టించిన తేదీ రేపు మీ నుంచి కొన్నవారికి చరిత్ర అయి కూర్చుంటుంది. ప్లేటు వెనక 'నకలు' అనీ, చేయించిన సంవత్సరమూ చెక్కించండి. ఛాసిస్ అంకెలు సగం చెరిగినా సరే, వాటిని పంచ్‌తో సొంతంగా తిరగగొట్టించడం నేరం. ఆ పని రవాణా శాఖ అనుమతితోనే జరగాలి. అంతకుముందే వాటి మీద పల్చటి కాగితం పరిచి, మెత్తటి పెన్సిలు ములుకును అడ్డంగా రుద్ది అచ్చు తీసుకోండి. కంటికి ఆనని అంకె కాగితం మీద తేలుతుంది. రెండు కాపీలు తీసి, ఒకటి ఆర్సీతో పాటు భద్రపరచండి.